ఋషికుల్య తాబేళ్లు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే బరంపురం బండ్లన్నీ ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ వైపే.

టార్చి, ఫ్లాష్ వద్దు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లే తాబేలు వెలుగు పడితే వెనక్కి తిరిగిపోతుంది. నెలన్నరకి పుట్టే పిల్లలైతే సముద్రం వదిలి దీపాల వైపు పాకుతాయి. తెల్లారేసరికి కాకులపాలు.

బండి ఇసుకలోకి దింపొద్దు. గుడ్లు మూరెడు లోతులోనే ఉంటాయి.

తాబేలు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీసే మహానుభావులూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జీవి, కేసు పడుతుంది.

మిగిలిన పులిహోర వెంట తెచ్చేసుకోండి. వాసనకి వచ్చిన కుక్కలు గుడ్లు తవ్వేస్తాయి.

మొగలో ఈత వద్దు, లాగేస్తుంది.

తాబేళ్ల గుంపులు ఏటా రావు. దగ్గర్లోని పురుణాబంధ ఊళ్లో తెలిసినవాళ్లని కనుక్కునే బయల్దేరండి.