గడ్డి కోసే మోవర్ ఇంజిన్‌లో స్పార్క్ లేదా? చెయ్యి పెట్టేముందు ఈ జాగ్రత్తలు

ముందు ఇంజిన్ చల్లారనివ్వండి. విజయవాడ ఎండల్లో నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టండి. మూసిన షెడ్డులో వద్దు.

ప్లగ్ క్యాప్ లాగి దూరంగా కట్టేశాకే బ్లేడు ముట్టుకోవాలి. మోవర్ వాల్చాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి, లేకపోతే ఆయిల్ అందులోకి దిగుతుంది.

అసలు ప్రమాదం స్పార్క్ చూసేటప్పుడే. ప్లగ్ విప్పి తాడు లాగితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. పక్కనే రవ్వ పుడితే భగ్గుమంటుంది. అందుకే ప్లగ్‌ని సిలిండర్‌లోనే ఉంచి, స్పార్క్ టెస్టర్ (ప్లగ్ క్యాప్‌కి తగిలించి రవ్వ చూసే పరికరం) వాడండి. దాని క్లిప్పు, ఇంజిన్ మీద రంగూ తుప్పూ లేని లోహాన్ని పట్టాలి. ఎర్త్ అందకపోతే స్పార్క్ పుట్టించే కాయిల్ మంచిదైనా పోయినట్టే కనిపిస్తుంది. వేల వోల్టులు, చేత్తో పట్టుకోవద్దు.

☐ ఆయిల్ మట్టం: తక్కువైతే స్పార్క్ ఆపేసే సెన్సర్ కొన్ని మోడళ్లలో ఉంటుంది.
☐ స్టాప్ వైరు (ఇంజిన్ ఆపే స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చేది): కాయిల్ దగ్గర విప్పితే స్పార్క్ వచ్చిందా, లోపం వైరులోనో స్విచ్‌లోనో ఉంది. తిరిగి తగిలించేదాకా స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్ ఆగదు.
☐ ప్లగ్ గ్యాప్ (కొసలోని రెండు లోహపు మొనల మధ్య సందు): సాధారణంగా 0.7–0.8 మి.మీ.

ఆటోనగర్‌కి కాయిల్ కోసం పరిగెత్తకముందే ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) అయస్కాంతం మీది తుప్పు గీకి, దానికీ కాయిల్‌కీ మధ్య గ్యాప్‌ని సన్న సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడండి. చాలా ఇంజిన్లకు 0.25 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, మీ మాన్యువల్ అంకే ప్రమాణం.