పాడుబడ్డ ఇంటి యజమానిని పట్టుకోవడానికి చిన్న దారి

పక్కిల్లు ఏళ్లుగా తాళం వేసి ఉండి, పైకప్పు కారి ఆ నీళ్లు మన గోడలోకి దిగుతుంటే ఎవరికి చెప్పాలో తెలియదు. నేను నెలల తరబడి వీధిలో అందరినీ అడిగాను, తలా ఒక పేరు చెప్పారు. చివరికి పని చేసింది ఇంటి పన్ను రికార్డు.

ముందు ఆ ఇంటి నంబరు రాసుకోండి. చెరిగిపోయి ఉంటే అటూ ఇటూ ఉన్న 2 ఇళ్ల నంబర్లు రాసుకోండి, వాటిని బట్టి మధ్యది దొరకొచ్చు. వాటితో పన్ను వసూలు చేసే ఆఫీసులో అడగండి. పేరు కంటే ముఖ్యం, బిల్లు ఏ అడ్రసుకి వెళ్తోందన్నది. ఖాళీ ఇంటికి కాకుండా, యజమాని ఉండే చోటుకి వెళ్తూ ఉండొచ్చు. అన్నిచోట్లా ఆ వివరం చెప్పరు. అలాంటప్పుడు మన ఉత్తరాన్ని వాళ్లనే పంపమని అడగొచ్చు. ఉత్తరం ఒక్క పేజీ, ఒక ఫోటో, మన ఫోన్ నంబరు. స్పీడ్ పోస్టులో వేస్తే అందిందో లేదో తెలుస్తుంది.

యజమాని చనిపోయి, వారసులు రికార్డును తమ పేరు మీదకి మార్చుకోకపోతే ఇది పనిచేయకపోవచ్చు. పన్ను రికార్డులో పేరున్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. కొనే ఆలోచన ఉంటే రిజిస్ట్రేషన్ రికార్డు చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి.