తోకచుక్క పరీక్ష – 4వ పాఠం: తోక రాకపోతే

తోకచుక్క పరీక్ష (కామెట్ అస్సే) అంటే, జెల్‌లో పెట్టిన కణాలకు కరెంటు ఇచ్చి, తెగిన డీఎన్ఏ తోకలా బయటికి సాగడాన్ని చూడటం. పోయిన పాఠంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పెట్టిన కణాలకు తోకలు బాగానే వచ్చి ఉంటాయి. అది సులువు. ఈసారి అఫ్లటాక్సిన్ బీ1. ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే మక్కలు, పల్లీలు తడిసి బూజు పడితే, ఆ బూజుల్లో కొన్ని తయారుచేసే విషం ఇది. గ్లవ్స్, హుడ్ (గాలిని లాగేసే ల్యాబు పెట్టె) లేకుండా సీసా మూత తీయొద్దు.

హనుమకొండలో నేను మొదటిసారి దీన్ని రక్తంలోని లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) మీద పెడితే ఒక్క తోకా రాలేదు. మందు పాతదైందేమోనని డోసు పెంచాను. మళ్లీ పెంచాను. రాత్రి తొమ్మిదింటికి మా సీనియర్ అక్క స్లైడ్ చూసి, "లివర్ ఏదిరా?" అంది.

అఫ్లటాక్సిన్ ఉన్నది ఉన్నట్టుగా డీఎన్ఏకు అంటుకోదు. కాలేయంలోని పీ450 ఎంజైములు దాన్ని వదిలించుకోబోయి ఒక ఆక్సిజన్ తగిలిస్తాయి. అలా పుట్టిన ఎపాక్సైడ్ డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌లోని ఏడో స్థానంలో ఉన్న నైట్రోజన్‌ను పట్టుకుంటుంది. రక్తకణాల్లో ఈ ఎంజైములు అంతంతమాత్రం. అందుకే ఎస్9 కలుపుతాం. ఎలుక కాలేయాన్ని రుబ్బి 9,000 జీ (భూమి ఆకర్షణకు 9,000 రెట్లు) బలంతో తిప్పాక పైన తేరే ద్రవం అది. పేరులో 9 అక్కడిదే. ఆ ఎంజైములు నడవడానికి కావాల్సిన ఎన్ఏడీపీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ వేయకపోతే అది డీజిల్ లేని ట్రాక్టరే.

చాలామంది విషాన్నీ ఎస్9నీ ముందే ట్యూబులో కలిపి, చాయ్ తాగొచ్చి కణాలకు పోస్తారు. ఆ ఎపాక్సైడ్ నీళ్లలో సగమైపోవడానికి సుమారు ఒక సెకను చాలు! కణాలు, ఎస్9 ఒకే ప్లేటులో ఉండగా విషాన్ని చివర్లో పోయండి. 37 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచండి.

ఇంకో మెలిక. గ్వానిన్‌కు అంటుకోవడం వేరు, డీఎన్ఏ పోగు తెగడం వేరు. తోకలో కనిపించేది తెగడమే. విషం అంటిన గ్వానిన్ వదులై ఊడిపోతే అక్కడ ఖాళీ మిగులుతుంది. పీహెచ్ 13 దాటిన బఫరులో పోగు సరిగ్గా ఆ ఖాళీ దగ్గర పుటుక్కుమంటుంది. బఫరు 12 దగ్గరే ఉంటే జరిగిన నష్టం కూడా సరిగా కనబడదు. అందుకే మీటరు పెట్టి కొలవకుండా కరెంటు ఆన్ చేయొద్దు.

ఈ వారం నాలుగు ప్లేట్లు పెట్టండి: విషం లేకుండా రెండు, విషంతో రెండు. ప్రతి జతలో ఒకదానికే ఎస్9. పోయిన పాఠంలోని పెరాక్సైడ్ ప్లేటు మళ్లీ పెడితే దాంట్లో మాత్రం ఎస్9 పోయొద్దు, ఎస్9లోని కెటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. ఏది ఏ స్లైడో తెలియకుండా పేర్ల మీద టేపు అంటించి, ఒక్కోదాంట్లో 50 కణాలు లెక్కపెట్టండి. టేపు వచ్చే పాఠంలో తీద్దాం.