సెల్ఫ్ ‘టక్’మని ఆగిపోతోందా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

లక్షణం

తాళం తిప్పగానే బానెట్ కింద ‘టక్’మని ఒక్క శబ్దం వస్తుంది, లేదా ‘టకటకటక’మని కొట్టుకుంటుంది, ఇంజను మాత్రం తిరగదు. ఐదారు సార్లు విసిగించాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయి, సాయంత్రం మళ్లీ మొరాయిస్తుంది. నెల్లూరు జిల్లా మైపాడుకు అటూ ఇటూ తీరం వెంబడి, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న పట్టపుపాలేల్లోనూ (జాలరుల పల్లెల్లోనూ) రొయ్యల గుంటల గట్ల మీదా కార్లు ఉంచుకునేవారికి ఈ లక్షణం కొత్త కాదు. దాన్ని చూసిన వెంటనే వారు చేసే పని కూడా కొత్త కాదు: బ్యాటరీ పోయిందని తీర్మానించి, అరువు బ్యాటరీతో బండిని నెల్లూరుకు తోలుకుపోయి, కొత్తది బిగించుకుని రావడం.

పట్నంలో అయితే ఈ పొరపాటుకు డబ్బు మాత్రమే పోతుంది. ఇక్కడ కదలని కారును మట్టి గట్టు మీదుగా తారు రోడ్డుకు చేర్చాలంటే ట్రాక్టరు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఒక పూట పోవాలి; అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల్లో ఆ ట్రాక్టరు కూడా గట్టు మీదికి రాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారి మీదే రాకపోకలు నిలిచిపోయాయి, పడుగుపాడు వద్ద రైలు కట్ట కోసుకుపోయింది. ఇక గుంటల గట్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. అందువల్ల ఈ వైపు కారు ఉన్నవారి డిక్కీలో పది నంబరు పానా, ఒక మామూలు మల్టీమీటరు, జంపర్ కేబుళ్లు ఉండి తీరాలి. వాటిని వాడడం తెలిసినవారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను.

ముందుగా చేత్తో కదిపి చూడండి

బ్యాటరీ రెండు టెర్మినళ్లనూ చేత్తో పట్టుకుని గట్టిగా మెలితిప్పండి. కొంచెం కదిలినా జబ్బు అక్కడే ఉన్నట్టు. దీనికి పనిముట్టు అక్కర లేదు, అర నిమిషం పట్టదు, అయినా నా దగ్గరికి వచ్చే పది బండ్లలో ఏడెనిమిదింటి యజమానులు ఈ పని చేసి ఉండరు. తెల్లగానో ఆకుపచ్చగానో బూజులా పొంగి ఉంటే ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిపి, ఆరనిచ్చి, పోస్టునూ (బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన లోహపు మొన) దాన్ని పట్టుకునే క్లాంపు లోపలి భాగాన్నీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది బిగించండి. బిగించేటప్పుడు నెగటివ్ చివర.

అప్పటికీ తిరగకపోతే మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీని కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12కు దిగితే ముందు ఛార్జి పెట్టాలి. అసలు నిజం బయటపడేది మాత్రం ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు పోస్టుల మీద చూసినప్పుడే. 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీని అనుమానించడం న్యాయమే. సెల్ఫ్ తిరగకపోయినా పోస్టుల మీద 12 దగ్గరే నిలబడి ఉందంటే బ్యాటరీ నిర్దోషి; దానిలోని కరెంటు మోటారును చేరడం లేదు. చాలామంది చేజార్చుకునే అంకె ఇదే.

నన్ను దెబ్బతీసిన ఎర్త్ వైరు

కరెంటు పాజిటివ్ వైరు గుండా సెల్ఫ్ మోటారుకు వెళ్లి, ఇంజను ఇనుములోంచి ఎర్త్ వైరు గుండా నెగటివ్‌కు తిరిగి రావాలి. పోయే దారిని అందరూ చూస్తారు, తిరిగి వచ్చే దారిని ఎవరూ చూడరు. ఎర్త్ వైరు ఒక కొస బ్యాటరీ దగ్గర కళ్లెదురుగానే ఉంటుంది. రెండవ కొస బాడీకీ గేర్‌బాక్సుకూ బిగించిన చోట, బురద చిమ్మే కింది భాగంలో ఉంటుంది. ఉప్పు గాలి, గుంటల గట్ల తడి, అన్నిటికంటే మించి బోరు ఉప్పునీళ్లతో బానెట్ కింద కడిగే అలవాటు, ఈ మూడూ కలిసి లగ్గులోంచి (వైరు కొసకు నొక్కి, బోల్టుతో బిగించే లోహపు ముక్క) రాగి పోగుల మధ్యకు పాకుతాయి. పైన నల్లని తొడుగు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, లోపల రాగి పచ్చని పొడిగా మారుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక రొయ్యల రైతు పాత పెట్రోలు కారుకు నేనే బ్యాటరీ మార్పించాను. నెల తిరగకముందే ఆయన ఫోను చేసి, “అన్నా, కొత్త బ్యాటరీ పెట్టినా మళ్లా టక్కుమంటా ఉండాది” అన్నాడు. సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు మార్పించాను, రెండు వారాలు బాగుంది. ఎర్త్ వైరు తెగిందా లేదా అని మీటరు కంటిన్యుటీ పెట్టి చూస్తే ‘కీ’మని మోగింది, దానితో ఆ వైపు తిరిగి చూడలేదు. చివరికి ఒకనాడు ఆయన సెల్ఫ్ కొడుతుండగా క్లచ్ కేబులు నుంచి పొగ వచ్చింది. ఎర్త్ వైరు దారి మూసుకుపోవడంతో అంత కరెంటూ ఇంజను నుంచి బాడీకి మిగిలిన ఏకైక లోహపు దారి అయిన ఆ సన్నని క్లచ్ కేబులు మీదుగా తిరిగి వస్తోంది. వైరు తొడుగు కోసి చూస్తే లోపల నాలుగైదు పోగులు మిగిలాయి. ఆ రైతుకు బ్యాటరీ డబ్బు, బ్రష్షుల డబ్బు అనవసరంగా ఖర్చయ్యాయి, ఆ మాట ఆయన ఇప్పటికీ అంటాడు.

మీటరు ఎందుకు మోసం చేసిందంటే, కంటిన్యుటీ పరీక్షలో అది పంపే కరెంటు అతి స్వల్పం. ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. సెల్ఫ్ మోటారు అడిగేది దాదాపు 200 ఆంపియర్లు. దారిలో 0.01 ఓమ్ నిరోధం ఉన్నా అక్కడ 2 వోల్టులు ఆవిరైపోతాయి, నిరోధం ఇంకొంచెం పెరిగిందంటే మోటారు తిరగలేదు. హెడ్‌లైటు బల్బుకు ఐదు ఆంపియర్లు చాలు కాబట్టి అదే లోపం మీద అది కాంతిగానే వెలుగుతుంది, ‘లైటు బాగానే ఉంది కదా’ అని యజమాని మరింత గట్టిగా నమ్ముతాడు. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఆల్టర్నేటరు కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక దాని ఛార్జింగు కరెంటు సైతం ఇదే ఎర్త్ దారిలో నడవాలి. దారి పాడైతే కొత్త బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితోనే ఉంటుంది; నెల తిరగకముందే చావడం దాని తప్పు కాదు.

కనుక్కునే పద్ధతి

గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచండి. మీటరు నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, పోస్టు మీదే ఉంచి, ఎర్ర మొనను ఇంజను మీద రంగు లేని శుభ్రమైన లోహానికి ఆనించండి. మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.2 లేదా 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ దారి బాగున్నట్టే. సగం వోల్టు దాటితే అనుమానించండి, ఒక వోల్టు దాటితే ఇంక వెతకనక్కర లేదు. తరువాత ఎర్ర మొనను వెనక్కు తెస్తూ ముందు బాడీ మీద, పిదప క్లాంపు మీద పెట్టి చూడండి. అంకె ఒక్కసారిగా తగ్గిపోయిన చోటుకూ దాని ముందు చోటుకూ మధ్యనే దోషం ఉంటుంది.

మీటరు లేకపోతే జంపర్ కేబులు ఒకటి తీసుకుని ఒక కొసను నెగటివ్ పోస్టుకూ, మరొక కొసను, ఫ్యాను, బెల్టులకు దూరంగా ఇంజను లోహానికీ గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టండి. అప్పటిదాకా మూగగా ఉన్న బండి ఒక్క తిప్పుకే అందుకుందంటే పాత ఎర్త్ వైరు పోయిందని తేలిపోయింది. అరువు బ్యాటరీతో జంప్ చేసేటప్పుడు నల్ల క్లిప్పును ఇంజనుకు పట్టిస్తాం కదా, సరిగ్గా అందుకే ఇలాంటి బండి ప్రతిసారీ అరువు బ్యాటరీతో హాయిగా స్టార్ట్ అయి, తన బ్యాటరీ మీదికి నింద తెచ్చిపెడుతుంది.

బాగుచేయడం

వైరును రెండు కొసల దగ్గరా విప్పండి. లగ్గు దగ్గర తొడుగును అంగుళం మేర చీల్చి చూడండి; రాగి పచ్చబడి ఉంటే కడగడం, రుద్దడం వంటి వాటితో కాలం వృథా చేయకుండా వైరు మార్చండి. కంపెనీ వైరు దొరకకపోతే వెల్డింగు కేబులు చక్కగా పనికొస్తుంది: చిన్న పెట్రోలు కారుకు 25, డీజిలు కారుకు 35 చదరపు మిల్లీమీటర్లది. కొనేటప్పుడు ఒక పోగును కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, ఉప్పు గాలికి ఒక్క వానాకాలం కూడా నిలవదు. లగ్గును సుత్తితో చితక్కొట్టకుండా, నొక్కే మిషను ఉన్న ఎలక్ట్రికల్ దుకాణంలో నొక్కించండి.

బాడీ మీద లగ్గు కూర్చునే చోట రంగు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకాలి. టింకరింగ్ చేయించుకున్న బండ్లలో ఎర్త్ బోల్టు కిందికి కూడా కొత్త రంగు కొట్టి పంపడం నేను చాలాసార్లు చూశాను. ముళ్ల వాషరు వేసి, గట్టిగా బిగించి, ఆ తరువాతే పైన వాజిలినో గ్రీజో దట్టంగా పూయండి. నేను నా బండికీ, అడిగినవారి బండ్లకూ ఇంజను నుంచి బాడీకి ఒక అదనపు ఎర్త్ వైరు కూడా వేస్తాను. ఒకటి లోపల కుళ్లినా రెండవది ఇంటికి చేరుస్తుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపిస్తే పని ముగిసినట్టు. రెండు నెలలకొకసారి, తప్పనిసరిగా అక్టోబరుకు ముందు, అదే 0.2 వోల్టుల పరీక్ష మళ్లీ చేయండి. బానెట్ కింద బోరు నీళ్లు తగలనివ్వకండి.

మిగిలినవి

ఎర్త్ బాగుండి, పాజిటివ్ వైపు పోస్టు నుంచి మోటారు దాకా సగం వోల్టు లోపే పోతూ, బ్యాటరీ కూడా నిలబడి ఉంటే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పండి. తాళం తిప్పినా ‘టక్’ కూడా రాకపోతే అది వేరే జబ్బు: ఫ్యూజు, రిలే, ఇగ్నిషన్ స్విచ్, లేదా క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్. ఎలుకలు వైర్లు కొరకడం ఉంటుంది, కానీ అది కంటికే కనిపిస్తుంది. ఇంజను పట్టేయడం అరుదు. ఒక్క సందర్భంలో మాత్రం పరీక్షలేవీ వద్దు: వరద నీళ్లు ఎయిర్ ఫిల్టరు దాకా ఎక్కి దిగిన బండికి సెల్ఫ్ కొట్టవద్దు, తోసి కూడా చూడవద్దు. పెట్రోలు బండి అయితే ప్లగ్గులు, డీజిలు బండి అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి సిలిండర్లలోని నీళ్లు తీసేదాకా తాళాన్ని ఇంట్లోనే ఉంచండి.