చిన్న విమానంలో ఎదుటి విమానాన్ని ముందే కనిపెట్టడం ఎలా

మా చంద్రపూర్ వైపు చలికాలం పొద్దున మంచూ పొగా కలిసి ఆకాశమంతా తెల్లగా అలుక్కుపోయి ఉంటది, అందుకే ట్రైనింగ్‌కి వెళ్లే తమ్ముళ్లకి చెప్తున్నా. ఎక్కేముందు అద్దం మీద పురుగు మరకలు తుడవండి, ఒక్క మరక చాలు విమానాన్ని దాచేయడానికి. కళ్లు గిర్రున తిప్పితే ఏం కనపడదు, ఆకాశంలో 10 డిగ్రీల ముక్క చూసి ఒక సెకను ఆగి పక్క ముక్కకి వెళ్లాలి. అద్దంలో కదలకుండా ఒకేచోట ఉండి పెద్దదవుతున్న చుక్క ఉంది చూశారా, గుద్దేది అదే! ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిరగాలి, అడ్డంగా వస్తే మన కుడిచేతి వైపున్నవాళ్లకి దారివ్వాలి. ఎదురెదురుగా చెరో 100 నాట్ల (గంటకి దాదాపు 185 కిలోమీటర్ల) వేగం మీదుంటే సెకనుకి 100 మీటర్లు దగ్గరైపోతారు, చూసి తేరుకుని తిప్పేసరికే దాదాపు 12 సెకన్లు, అంటే కిలోమీటరు పైనే అయిపోయినట్టు. రేడియోలో ఎక్కడున్నారో చెప్తూ ఉండండి, ల్యాండింగ్ లైట్ ఆపొద్దు. రెక్క పైనుండే విమానమైతే మలుపుకి ముందు ఆ వైపు రెక్క కాస్త ఎత్తి చూడండి.