పాత కట్టెల బాయిలర్ కొనేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురంలో చలికాలపు స్నానాల కోసం పాత ఇనుప సామాన్ల అంగడిలో ఉక్కు బాయిలర్ కొనదలచినవారు, బేరం మొదలుపెట్టకముందే దాని మూత తీసి, నిప్పు మండే నడిమి గొట్టాన్ని టార్చి వెలుగులో పైనుంచి కిందిదాకా పరిశీలించాలి. ఆ గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా తట్టినప్పుడు గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. కొత్తగా రంగు పూసి ఉంటే నేనైతే అనుమానిస్తాను. పగిలిన అతుకులను దాచడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు.

మన బోరునీళ్లకు తొట్టి లోపల సున్నపు పొర పేరుకుంటుంది. అది దళసరిగా ఉంటే నీటికి వేడి సరిగా అందక కట్టెలు ఎక్కువ కాలతాయి, గొట్టమూ త్వరగా పాడవుతుంది.

అంగడివాడు విసుక్కున్నా సరే, నిండా నీళ్లు పోయించి, అరగంట ఆగి, అతుకుల వద్దా కొళాయి మొదట్లోనూ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడాలి. ఆవిరి పోయే దారిని ఎవరైనా వెల్డింగుతో మూసివేసి ఉంటే, లోపల ఒత్తిడి పెరిగి తొట్టి పేలే ప్రమాదం ఉంది కనుక, ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

దానిని ఆరుబయటే పెట్టాలి. మూసిన స్నానాల గదిలో కట్టెల పొగలో ఉండే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణం తీస్తుంది.