తొలకరికి ముందే మందు పెట్టెకు తాళం

ఇంకో పది రోజుల్లో విత్తనాల సంచులతో పాటు పురుగుమందు డబ్బాలూ ఇంటికి చేరతాయి. చాలా ఇళ్లలో వాటి చోటు తలుపు వెనకో, మంచం కిందో. పక్కనే బియ్యం బస్తా.

అలా పక్కపక్కన పెడితే ఏమవుతుందో 1958లో కేరళ చూసింది. రవాణాలో పారాథియాన్ అనే పురుగుమందు గోధుమపిండిలో కలిసింది. ఆ పిండి తిని వందమందికి పైగా పోయారు. అయినా పురుగుమందుల చట్టం 1968కి గానీ రాలేదు, నిబంధనలకు ఇంకో మూడేళ్లు పట్టింది. డబ్బా మీద కనిపించే డైమండ్ గుర్తు ఆ నిబంధనలు పెట్టిందే. కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా ఘాటైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చదైతే ఏం కాదులే అని ఎవరైనా చెప్తే నమ్మకండి. చదువు రానివాళ్లకూ ఆ రంగు అర్థమవుతుంది. కానీ మందును వేరే సీసాలోకి వంచితే గుర్తు పాత డబ్బా మీదే ఉండిపోతుంది.

నన్నడిగితే ఈ వంచుకోవడమే అన్నిటికన్నా ప్రమాదం. పక్క చేను ఆయన 'అన్నా, ఓ వంద మిల్లీ పొయ్యి' అని కూల్‌డ్రింక్ సీసా పట్టుకొస్తాడు. మొహమాటపడొద్దు. డబ్బానే ఇచ్చి సాయంత్రానికి వెనక్కి తెచ్చుకోండి.

ఖాళీ డబ్బానూ నమ్మొద్దు. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. ఆ నూనె పోసిన డబ్బా అంతకుముందు పురుగుమందుదని పోలీసులు చెప్పారు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టండి. కుడితికీ వాడొద్దు.

పాత ట్రంకుపెట్టె ఒకటి చాలు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. పిల్లల కోసమే కాదు, అప్పుల దిగులుతోనో కోపంతోనో ఉన్న పెద్దవాళ్లకూ ఆ తాళం అడ్డుపడుతుంది. ఆ కాసేపట్లో మనసు మారొచ్చు, ఎవరైనా పక్కకు రావొచ్చు.

ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించొద్దు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగండి, మీ చేతులకు తొడుగులుండాలి. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి, గడ్డిమందుకూ పురుగుమందుకూ వైద్యం ఒకటి కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ట్రంకుపెట్టె మూత లోపలి వైపు పెయింటుతో రాసిపెట్టండి.